సర్వే నంబరుకు ఊరి పేరు ఎవరు రాయాలి? యాంగ్ మోడళ్ల కలయికలో తెగని ముడి

క్లుప్తంగా: రూటర్లు, స్విచ్‌ల కాన్ఫిగరేషన్‌ను వర్ణించే యాంగ్ మోడళ్లలో ఎక్కువ భాగం ఒక్క పెట్టెను, అంటే ఒక్క పరికరాన్ని, మనసులో పెట్టుకుని రాసినవే. వాటిని ఉన్నవి ఉన్నట్టుగా తీసుకెళ్లి, నెట్‌వర్క్ మొత్తాన్ని చూపే పెద్ద మోడల్‌లో అమర్చడానికి యాంగ్ భాషలో నేరుగా దారి లేదు. 2019లో వచ్చిన స్కీమా మౌంట్ అనే పద్ధతి ఆ పనిని పరికరం తయారయ్యేటప్పుడో, అది నడుస్తున్నప్పుడో చేసుకోనిచ్చింది. మోడల్ రాసే దశలోనే కలయికను తేల్చి చెప్పడం మాత్రం తన పరిధిలోకి రాదని పక్కన పెట్టింది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్‌లో చర్చకు వచ్చిన ‘ఫుల్ ఎంబెడ్’ ప్రతిపాదన ఆ మిగిలిన ముక్క గురించే.

అడిగింది ఒకటి, ముందుగా అందింది ఒకటి

2002 జూన్‌లో ఇంటర్నెట్ ఆర్కిటెక్చర్ బోర్డు అమెరికాలోని రెస్టన్‌లో ఒక వర్క్‌షాప్ పెట్టింది. నెట్‌వర్కులు నడిపేవాళ్లనూ, ప్రోటోకాల్స్ రాసేవాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టింది. మరుసటి ఏడాది ఆర్‌ఎఫ్‌సీ 3535గా (ఇంటర్నెట్ ప్రమాణాలు, నివేదికలు వెలువడే పత్రాల వరుస ఆర్‌ఎఫ్‌సీ) వెలువడిన నివేదికలో ఆపరేటర్ల మాట సూటిగానే ఉంది: ఎస్‌ఎన్‌ఎంపీ అనే నిర్వహణ ప్రోటోకాల్ పర్యవేక్షణకు పనికొస్తోంది, కాన్ఫిగరేషన్‌కు మాత్రం అందరూ కమాండ్ లైన్‌నే నమ్ముకున్నారు. కాన్ఫిగరేషన్ వేరు, పరికరం ప్రస్తుత స్థితి వేరు, గణాంకాలు వేరు అని స్పష్టంగా విడదీయాలన్నారు. అదే జాబితాలో ఇంకో కోరిక కూడా ఉంది. ఒక్కో పరికరాన్ని పట్టుకుని వేలాడకుండా నెట్‌వర్క్ మొత్తం కాన్ఫిగరేషన్ మీద దృష్టి పెట్టే వీలు కావాలన్నది ఆ కోరిక.

ఆ తర్వాత 2006లో పరికరాల కాన్ఫిగరేషన్ మార్చే ప్రోటోకాల్ నెట్‌కాన్ఫ్, 2010లో ఆర్‌ఎఫ్‌సీ 6020గా యాంగ్ భాష, 2016లో ఆర్‌ఎఫ్‌సీ 7950గా దాని 1.1 రూపం వచ్చాయి. కమాండ్ లైన్ బదులు అచ్చమైన డేటా చెట్టు దొరికింది. ఏ కొమ్మలో ఏ విలువ ఉండాలి, ఏది తప్పనిసరి, ఏది దేన్ని సూచించాలి అన్నవన్నీ యంత్రమే తనిఖీ చేసేలా రాసుకోవచ్చు. అయితే నెట్‌కాన్ఫ్ సెషన్ తెరిచేది ఒక పరికరంతోనే. అందుకే మోడళ్లు కూడా పరికరం లోపలి నుంచి ప్రపంచాన్ని చూసినట్టు తయారయ్యాయి. ఇంటర్‌ఫేస్‌ల (నెట్‌వర్క్‌కు తగిలే పోర్టుల వంటివాటి) మోడల్ 2014లో ఆర్‌ఎఫ్‌సీ 7223గా వచ్చినప్పుడు అందులో కాన్ఫిగరేషన్‌కు పైస్థాయి కొమ్మ ‘ఇంటర్‌ఫేసెస్’. ఎవరి ఇంటర్‌ఫేసులు అన్న ప్రశ్నకు అక్కడ తావే లేదు, ఎందుకంటే ఆ చెట్టుకు వేరు ఆ రూటరే. 2002లో అడిగినవాటిలో పరికరం వాటా ముందు తీరింది. నెట్‌వర్క్ వాటా వెనకబడింది.

ఊరి రికార్డు, మండలం రికార్డు

భూమి రికార్డులు తెలిసినవారికి ఈ చిక్కు కొత్తది కాదు. సర్వే నంబరు 120 అంటే రెవెన్యూ గ్రామం లోపల అనుమానం లేని చిరునామా. అదే పహాణీని, అదే అడంగల్‌ను ఉన్నది ఉన్నట్టు మండల కార్యాలయానికి తెచ్చి మిగతా ఊళ్ల పుస్తకాలతో కలిపి కుడితే, 120 అనే అంకె ఒక్కసారిగా అర్థం పోగొట్టుకుంటుంది. ఏ ఊరి 120? పుస్తకంలో ప్రతి నంబరు ముందూ ఊరి పేరు చేర్చాలి. లేదా ‘ఈ అట్టల మధ్య కనిపించే నంబర్లన్నీ ఫలానా ఊరివే’ అని ఒక నియమం పెట్టుకోవాలి.

యాంగ్‌లో సర్వే నంబరు పాత్ర పోషించేవి సంపూర్ణ పాత్‌లు, అంటే చెట్టు వేరు నుంచి మొదలయ్యే దారులు. ఇంటర్‌ఫేస్ మోడల్‌లో ‘ఇంటర్‌ఫేస్ రెఫ్’ అనే టైపు ఉంది. ఏదైనా ప్రోటోకాల్ మోడల్ ఒక ఇంటర్‌ఫేస్‌ను పేరుతో సూచించాలంటే వాడేది దాన్నే. దాని నిర్వచనంలో ఉన్న దారి చెట్టు వేరు దగ్గర మొదలై ‘ఇంటర్‌ఫేసెస్’, ‘ఇంటర్‌ఫేస్’, ‘నేమ్’ అంటూ దిగుతుంది. ఒక రూటర్‌లో ఇది నిక్కచ్చిగా పనిచేస్తుంది. అదే రూటింగ్ మోడల్‌ను అనేక పరికరాలను ఒకచోటి నుంచి నడిపే కంట్రోలర్‌లోని ‘పరికరాలు’ అనే జాబితాలో, ప్రతి పరికరం కిందా ఒక కాపీగా ఉంచితే ఆ దారి కంట్రోలర్ చెట్టు వేరుకు పోయి అక్కడ ఇంటర్‌ఫేసులు వెతుకుతుంది. దొరికితే తప్పుడువి దొరుకుతాయి. దొరక్కపోతే తనిఖీ విఫలమవుతుంది.

ఈ చిక్కు కంట్రోలర్లకే పరిమితం కాదు. ఒకే రూటర్‌లో పది వీఆర్‌ఎఫ్‌లు (వేర్వేరు రూటింగ్ పట్టికలు) నడుస్తుంటే రూటింగ్ మోడల్ ఒక్కో వీఆర్‌ఎఫ్‌కు ఒకసారి చొప్పున పదిసార్లు కావాలి. ఒకే పెట్టెను కొన్ని తార్కిక రూటర్లుగా విడగొట్టినప్పుడూ అంతే. 2015 ప్రాంతంలో రూటింగ్ రంగపు డిజైన్ బృందం ఒక మార్గం సూచించింది. అన్ని మోడళ్ల పైనా ‘డివైస్’ అనే ఒకే కొమ్మ పెట్టి, మిగతావన్నీ దాని కింద సర్దుదామని. కాగితం మీద అందంగానే ఉంటుంది. కానీ అప్పటికే ప్రచురించిన మోడళ్ల దారులన్నీ మార్చాలి. పైగా రేపు ఇంకొకరు ‘నెట్‌వర్క్’ అనే కొమ్మను దానికీ పైన పెట్టాలంటే మళ్లీ మొదటికే. ఎంత ఎత్తున వేరు పెట్టినా దాని పైన ఇంకో అంతస్తు కావాలనేవాళ్లు వస్తారు. ఆ ఆలోచన ఆగిపోయింది, దాని నుంచి పుట్టిన అవసరం స్కీమా మౌంట్‌కు దారి తీసింది.

ఆగ్మెంట్, గ్రూపింగ్: ఉన్న పనిముట్ల హద్దులు

డిజైన్ దశలో కలయిక అసలే కుదరదనుకుంటే పొరపాటు. యాంగ్‌లో మొదటి నుంచీ రెండు పనిముట్లు ఉన్నాయి, రెండూ బాగానే పనిచేస్తాయి. కాకపోతే వేరే పనికి.

ఆగ్మెంట్ అంటే ఇంకొకరి చెట్టుకు మన కొమ్మ అంటుకట్టడం. ఐపీ చిరునామాల మోడల్ ఇంటర్‌ఫేస్ మోడల్‌కు ఇలాగే అంటుకుంటుంది: ప్రతి ఇంటర్‌ఫేస్ కిందా ఐపీవీ4, ఐపీవీ6 కంటెయినర్లు చేరతాయి. అంటు కట్టేవాడికి ఆ చోటు కచ్చితంగా తెలియాలి. ఆ చోటు ఒక్కటే అయి ఉండాలి. ఐపీ మోడల్ రాసినవారికి రేపు ఎవరో కంట్రోలర్‌లో పరికరాల జాబితా కింద కూడా ఇంటర్‌ఫేసులు పెడతారని తెలియదు. తెలిసినా వాళ్ల మాడ్యూల్‌లో (మోడల్ రాసిన ఫైల్‌లో) ఉన్న చిరునామా అక్కడికి చేరదు.

గ్రూపింగ్ అంటే అచ్చు దిమ్మ. నోడ్‌ల (చెట్టులోని కొమ్మల) గుంపును ఒకసారి రాసి, ‘యూజెస్’ అని ఎక్కడ పిలిస్తే అక్కడ పరుచుకునేలా చేయడం. నెట్‌వర్క్ ఆపరేటర్లు నడిపే ఓపెన్‌కాన్ఫిగ్ బృందం ఈ దారిలోనే నడిచింది. వాళ్ల మాడ్యూళ్లలో పైస్థాయి నోడ్‌లన్నీ ‘టాప్’ అని ముగిసే పేరున్న గ్రూపింగ్‌లో ఉంటాయి, మాడ్యూల్ చివర్లో ఒక యూజెస్ లైన్ ఉంటుంది. బీజీపీ అనే రూటింగ్ ప్రోటోకాల్ అచ్చును నెట్‌వర్క్ ఇన్‌స్టన్స్ మోడల్‌లో ప్రోటోకాల్స్ కింద అలాగే వాడుకున్నారు. ఒకే బృందం అన్ని మోడళ్లనూ ఒకే శైలిలో రాసుకుంటే ఈ క్రమశిక్షణ సాధ్యమే. ఐఈటీఎఫ్‌లో కూడా 2022లో వచ్చిన లేయర్ 2, లేయర్ 3 వీపీఎన్ మోడళ్లు ఆర్‌ఎఫ్‌సీ 9181లోని ఉమ్మడి గ్రూపింగ్‌లనే పంచుకున్నాయి.

అన్ని మోడళ్లనూ అచ్చులుగా మార్చేస్తే పోదా? నియమాల ప్రకారం అడ్డేమీ లేదు. ఉన్న నోడ్‌లను అదే అర్థమిచ్చే గ్రూపింగ్‌తో మార్చుకోవచ్చని ఆర్‌ఎఫ్‌సీ 7950 చెబుతూనే ఉంది. అడ్డంకులు ఇంకోచోట ఉన్నాయి. మొదటిది శ్రమ: ప్రచురించిన మోడళ్లన్నింటినీ తిరిగి తెరవాలి. రెండోది, యూజెస్‌తో వచ్చిన నోడ్‌లు పిలిచిన మాడ్యూల్ నేమ్‌స్పేస్‌లోకి చేరిపోతాయి. అంటే పరికరం నుంచి వచ్చిన ఇంటర్‌ఫేస్ డేటా, కంట్రోలర్‌లోని ఇంటర్‌ఫేస్ డేటా చూడటానికి కవలలే అయినా ఇంటిపేర్లు వేరు. మధ్యలో అనువాదం చేసే కోడ్ తప్పదు. మూడోది అసలైన దెబ్బ: గ్రూపింగ్ దానికి బయటి నుంచి అంటుకట్టిన ఆగ్మెంట్‌లను వెంట తీసుకురాదు. ఇంటర్‌ఫేస్ అచ్చును పదిచోట్ల పరిచినా ఐపీ చిరునామాలు ఒక్కచోటికీ వాటంతట అవి రావు. అచ్చు లోపలి సంపూర్ణ పాత్‌ల గొడవ ఎలాగూ మిగిలే ఉంటుంది.

స్కీమా మౌంట్ చేసే పని

2019 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 8528 వచ్చింది. ఆలోచన చిన్నది. తల్లి మోడల్ రాసేవారు ఒక కంటెయినర్ లేదా లిస్ట్ దగ్గర ‘మౌంట్ పాయింట్’ అని ఒక గుర్తు పెడతారు. ఇక్కడ వేరే మోడళ్లు వచ్చి కూర్చోవచ్చని దాని అర్థం. ఏ మోడళ్లో మాత్రం చెప్పరు. సర్వర్, అంటే పరికరంలో నడిచే నెట్‌కాన్ఫ్ సాఫ్ట్‌వేర్, ఆ సంగతిని తన డేటా ద్వారా ప్రకటిస్తుంది.

ఊరి పుస్తకం అట్టల నియమం ఇక్కడే అమలవుతుంది. మౌంట్ అయిన మోడళ్లకు ఆ మౌంట్ పాయింటే వేరు. సంపూర్ణ పాత్‌లన్నీ అక్కడి నుంచే లెక్క. నేమ్‌స్పేస్‌లు మారవు. ఆగ్మెంట్ చేసే మాడ్యూల్‌ను కూడా జాబితాలో చేరిస్తే దాని కొమ్మలూ వెంట వస్తాయి. పైస్థాయిలో ఉండాల్సిన ఆర్‌పీసీలను (పరికరానికి ఇచ్చే ఆదేశాలను) ఆ మౌంట్ పాయింట్‌కు చెందిన యాక్షన్‌లుగా, అంటే ఆ ఒక్క నోడ్‌కు కట్టిన ఆదేశాలుగా, పిలవవచ్చు. గ్రూపింగ్ మూడు లోపాలూ ఒకే దెబ్బకు తీరాయి.

కానీ గోడ మరీ గట్టిగా కడితే అవసరమైన చూపు కూడా ఆగిపోతుంది. వీఆర్‌ఎఫ్‌ల సంగతి చూస్తే ఇది తెలుస్తుంది. ఆర్‌ఎఫ్‌సీ 8529లోని నెట్‌వర్క్ ఇన్‌స్టన్స్ మోడల్ వీఆర్‌ఎఫ్ రకం ఇన్‌స్టన్స్ కింద ‘వీఆర్‌ఎఫ్ రూట్’ అనే మౌంట్ పాయింట్ పెట్టింది. రూటింగ్ మోడల్ అందులో కూర్చుంటుంది. ఇంటర్‌ఫేసులు మాత్రం బయట, పెట్టె మొత్తానికి ఉమ్మడిగా ఉంటాయి. ఏ ఇంటర్‌ఫేస్ ఏ ఇన్‌స్టన్స్‌కు చెందిందో వాటి మీద ఒక చీటీ అతికించి చెబుతారు. ఇప్పుడు వీఆర్‌ఎఫ్ లోపల ఒక స్టాటిక్ రూట్ (చేత్తో ఖాయం చేసిన దారి) రాసి, ఫలానా ఇంటర్‌ఫేస్ గుండా పంపమంటే ఆ పేరును ఎక్కడ వెతకాలి? లోపల ఇంటర్‌ఫేసులే లేవు. అందుకే ‘పేరెంట్ రెఫరెన్స్’ అనే చిన్న కిటికీ పెట్టారు. ఏ బయటి నోడ్‌లు కనిపించాలో ఒక ఎక్స్‌పాత్ (చెట్టులో నోడ్‌లను ఎంచే సూత్రం) రూపంలో రాస్తారు, ఉదాహరణకు ఈ ఇన్‌స్టన్స్ పేరు చీటీ ఉన్న ఇంటర్‌ఫేసులు మాత్రమే అని. అవి సూచనలను సరిచూసేందుకే కనిపిస్తాయి. ఆ కిటికీ గుండా వాటిని చదవడం, మార్చడం కుదరదు.

దీనికి జంటగా వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8530 తార్కిక నెట్‌వర్క్ ఎలిమెంట్ల కోసం. అక్కడ ప్రతి ఎలిమెంటూ దాదాపు స్వతంత్ర రూటరే. దాని కింద ఏ మోడళ్లు ఉన్నాయో ఒక్కోదానికి ఒక్కో రకంగా ఉండవచ్చు.

దశ మారితే చెప్పేవాడు మారతాడు

ఆర్‌ఎఫ్‌సీ 8528 ముందుమాటలోనే మూడు దశలను విడదీసింది. చర్చ అంతా వీటి చుట్టూనే తిరుగుతోంది కనుక వాటి తేడాను కాస్త నిదానంగా చూడాలి.

డిజైన్ దశలో అయితే ఏ మోడల్ ఎక్కడ కూర్చోవాలో తల్లి మాడ్యూల్‌లోనే రాసి ఉంటుంది. చెప్పేది ప్రమాణం రాసేవారు. ఆ మాడ్యూల్‌ను అమలుచేసే ప్రతి ఒక్కరికీ అదే కలయిక వర్తిస్తుంది. అమలు దశలో చెప్పేది సర్వర్ తయారుచేసేవారు, అంటే సాధారణంగా పరికరం అమ్మే కంపెనీ. ఆ సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఉన్నంతకాలం కలయిక స్థిరం. రన్‌టైమ్‌లో చెప్పేది నడుస్తున్న ఆ ఇన్‌స్టన్సే. పక్కపక్కన ఉన్న రెండు ఇన్‌స్టన్స్‌లలో రెండు వేర్వేరు మోడళ్లు ఉన్నా తప్పు కాదు. చివరి రెండింటికే తాము దారి చూపుతున్నామని, మొదటిది యాంగ్ భాష తర్వాతి రూపంలో చూసుకోవచ్చని ఆ పత్రం తేల్చేసింది.

దీన్ని పైకి కాలం గురించిన విభజనగా చూడటం వల్లే చాలామంది తికమకపడుతున్నారు. ‘ఎప్పుడు’ అనే ప్రశ్న వెనక ఉన్నది ‘ఎవరి పూచీ’ అన్న ప్రశ్న. క్లయింట్ రాసే ప్రోగ్రామర్ వైపు నుంచి చూస్తే తేడా ఇంకా పచ్చిగా తెలుస్తుంది. డిజైన్ దశలో తేల్చిన కలయికకు అతను పరికరం చేతికి రాకముందే కోడ్ రాసి పెట్టుకోగలడు. అమలు దశ కలయిక అయితే ఒక్కో కంపెనీ పత్రాలు వెతకాలి. రన్‌టైమ్ కలయిక అయితే కనెక్ట్ అయ్యి, సర్వర్ తన మోడళ్లను చెప్పే జాబితా అయిన యాంగ్ లైబ్రరీ చదివి, అప్పుడు తెలుసుకోవాలి.

వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లలో ఈ తేడాలు కనిపిస్తూనే ఉన్నాయి. ఓపెన్‌డేలైట్ కంట్రోలర్ ఆర్‌ఎఫ్‌సీ 8528 కంటే ముందు నుంచే రన్‌టైమ్ దారిలో ఉంది. ఒక నెట్‌కాన్ఫ్ పరికరం తగిలించగానే దాని స్కీమాను ఆ పరికరం నుంచే తెప్పించుకుని, టోపాలజీలో ఆ నోడ్ కింద తనదైన మౌంట్ గుర్తుతో చూపిస్తుంది. సిస్కో కంపెనీ కంట్రోలర్ ఎన్‌ఎస్‌ఓ వేరే బాట పట్టింది. పరికరాల జాబితాలో ప్రతి పరికరం కిందా ‘కాన్ఫిగ్’ అనే చోటు ఉంటుంది. ఏ రకం పరికరానికి ఏ మోడళ్లు అక్కడ కూర్చోవాలో నెడ్ అనే ప్యాకేజీని కంపైల్ చేసేటప్పుడు ఖాయమవుతుంది. రెండూ చక్కగా నడుస్తాయి. ఒకదానికి రాసిన ప్రోగ్రామ్‌ను మార్పులు లేకుండా రెండోదానిపై నడపడం మాత్రం జరగని పని. కలయిక ఎలా జరిగిందో చెప్పే ఉమ్మడి భాష ఆ రెంటి మధ్యా లేదు.

ఫుల్ ఎంబెడ్ ఏం చెప్పాలనుకుంటోంది

ఐఈటీఎఫ్‌లో యాంగ్ భాషను చూసే నెట్‌మాడ్ బృందం ముందుకు మొదట ‘ఫుల్ ఇంక్లూడ్’ అనే పేరుతో వచ్చిన ప్రతిపాదన స్కీమా మౌంట్ చేసే పనినే మోడల్ రాసే దశకు తెస్తానంటుంది. పరికరాల జాబితా ఉన్న మాడ్యూల్‌లో, ఆ జాబితా కింద ఫలానా ఫలానా మాడ్యూళ్లు పూర్తిగా ఇమిడి ఉంటాయని రాసెయ్యడం. దాని రచయితలు ఎత్తిచూపిన ఉదాహరణ కూడా అదే: పరికరం కోసం రాసిన మోడల్‌ను, పరికరం ఐడీతో సూచించే జాబితాలో పెట్టి నెట్‌వర్క్ స్థాయిలో వాడుకోవడం ఇప్పుడున్న యాంగ్‌లో దాదాపు అసాధ్యమని.

దీనివల్ల మొదట లాభపడేవి పనిముట్లు. ప్యాంగ్, యాంగ్‌లింట్ వంటివి పరికరం లేకుండా, ఫైళ్లు మాత్రమే చూసి మోడల్ తప్పొప్పులు చెబుతాయి. మౌంట్ పాయింట్ తల్లి మాడ్యూల్‌లో అడుగున ఏమీ లేని గుమ్మం. ఆర్‌ఎఫ్‌సీ 8340 చెట్టు బొమ్మల్లో దానికి ‘ఎంపీ’ అనే గుర్తు ఉంది గానీ, గుమ్మం అవతల ఏముందో గీయాలంటే విడిగా సమాచారం ఇవ్వాలి. మోడల్ నుంచి కోడ్ పుట్టించే పనిముట్లదీ అదే ఇబ్బంది. కలయిక ఫైల్‌లోనే ఉంటే వాటికి వెతుకులాట తప్పుతుంది.

రెండో లాభం డేటా సేకరణకు. పరికరమే డేటాను పంపే యాంగ్ పుష్ లాంటి పద్ధతుల్లో వందల పరికరాల నుంచి వచ్చే టెలిమెట్రీని ఒక మెసేజ్ బస్ మీదకో, డేటాబేస్‌లోకో చేరుస్తారు. అక్కడికి చేరాక ప్రతి ముక్కకూ ‘ఇది ఏ పరికరానిది’ అన్న సంగతి జత కావాలి. మౌంట్‌కు సర్వర్ కావాలి. డేటాబేస్ దగ్గర నెట్‌కాన్ఫ్ సర్వర్ ఉండదు, యాంగ్ లైబ్రరీ చదివి స్కీమా తెలుసుకోవడం ఉండదు. ముందే రాసి ఉన్న స్కీమాయే అక్కడ ఆధారం. డిజైన్ దశ కలయికకు ఇదే అన్నింటికంటే బలమైన వాదన. కంట్రోలర్ వాదన కంటే ఇది గట్టిది, ఎందుకంటే కంట్రోలర్‌కు రన్‌టైమ్ దారి ఎలాగూ ఉంది.

రివిజన్లు, డీవియేషన్లు

ముందే తేల్చి చెప్పడానికి ఖరీదు ఉంది. ఇమిడ్చిన మాడ్యూల్ ఏ రివిజన్? రాయకపోతే, కలయిక స్థిరంగా ఉంటుందన్న మాటకే విలువ లేదు. రాస్తే, లోపలి మోడల్ మారినప్పుడల్లా తల్లి మోడల్‌ను మళ్లీ ప్రచురించాలి. ఐఈటీఎఫ్‌లో ఒక ఆర్‌ఎఫ్‌సీ తిరిగి రావడం నెలల్లో తేలే పని కాదు.

ఇంకో చిక్కు డీవియేషన్లది. ఫలానా నోడ్ మా పెట్టెలో లేదని, ఫలానా విలువకు మా దగ్గర పరిమితి వేరని పరికరాలు డీవియేషన్ల ద్వారా ఒప్పుకుంటాయి. ఫీచర్లు కూడా అంతే, కొన్ని ఉంటాయి, కొన్ని ఉండవు. ఇవి పెట్టెకో రకం. డిజైన్ దశలో ఉన్నవారికి ఇవేవీ తెలిసే వీలు లేదు. కాబట్టి డిజైన్ దశ కలయిక చెప్పగలిగేది ‘ఇక్కడ ఏమేమి ఉండవచ్చు’ అన్నంత వరకే. ‘ఈ పరికరం కింద ఏముంది’ అన్నది మళ్లీ రన్‌టైమ్‌లోనే తేలాలి. అందుకే రెండు పద్ధతుల్లో ఒకటి రెండోదాన్ని తోసేస్తుందన్న అంచనా నిలవదు. వీఆర్‌ఎఫ్‌లు, తార్కిక రూటర్ల దగ్గర మౌంట్ కొనసాగుతుంది. సేకరణ, నెట్‌వర్క్ పటాలు, సేవా మోడళ్ల దగ్గర ముందే ఇమిడ్చే పద్ధతికి గిరాకీ ఉంటుంది.

ఈ ఇబ్బంది ఎంత మామూలుగా ఎదురవుతుందో చూడటానికి దూరం పోనక్కర్లేదు, మొదట చెప్పిన ఇంటర్‌ఫేస్ మోడలే చాలు. 2014 రివిజన్‌లో కాన్ఫిగరేషన్ ‘ఇంటర్‌ఫేసెస్’ కింద, ప్రస్తుత స్థితి ‘ఇంటర్‌ఫేసెస్ స్టేట్’ అనే వేరే చెట్టు కింద ఉండేవి. 2018లో కాన్ఫిగరేషన్, స్థితి ఉండే డేటాస్టోర్‌ల కొత్త నిర్మాణం ఆర్‌ఎఫ్‌సీ 8342గా వచ్చాక, ఆర్‌ఎఫ్‌సీ 8343లోని కొత్త రివిజన్ స్థితిని కూడా ‘ఇంటర్‌ఫేసెస్’ కిందికే తెచ్చి, రెండో చెట్టును వాడుక తగ్గించాల్సినదిగా ముద్రవేసి వదిలింది. ఒక నెట్‌వర్క్‌లో సగం రూటర్లు పాతవి, సగం కొత్తవి అనుకుంటే, పరికరాల జాబితా కింద కొత్త రివిజన్‌ను ఇమిడ్చిన మోడల్‌లో పాత రూటర్ల స్థితికి చోటు ఉంటుంది గానీ, అది పక్కన పెట్టమన్న కొమ్మలో ఉంటుంది. ఒక లింకు పడిపోయిందా లేదా అని అడిగే ప్రోగ్రామ్ ఒక్కో రూటర్‌కు ఒక్కో కొమ్మలో వెతకాలి. ఏ రూటర్‌కు ఏ కొమ్మో ఆ రూటర్ యాంగ్ లైబ్రరీ చెప్పాల్సిందే.